నర్సింగ్ ప్రవేశ పరీక్ష: కోల్‌కతా జల్లెడలో నిలిచేదెవరు?

కోల్‌కతా: 2020 మే నెల మధ్యలో కోల్‌కతాలోని ప్రైవేటు ఆస్పత్రులకు ఎదురైన ఇబ్బంది పడకల కొరత కాదు, వెంటిలేటర్ల కొరత అంతకన్నా కాదు. కరోనా రోగులతో వార్డులు నిండుతున్న ఆ రోజుల్లో మణిపుర్‌కు చెందిన 185 మంది నర్సులు ఒకే విడతలో ఉద్యోగాలు వదిలి స్వరాష్ట్రానికి బయలుదేరారు. త్రిపుర, ఒడిశా, ఝార్ఖండ్ రాష్ట్రాల నర్సులూ అదే బాట పట్టడంతో కొద్ది రోజుల్లోనే వెళ్లిపోయినవారి సంఖ్య 300 దాటింది. ప్రైవేటు ఆస్పత్రుల సంఘం రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శికి లేఖ రాసి జోక్యం కోరింది. స్థానిక యువతీ యువకులకు ఏడు రోజుల శిక్షణ ఇచ్చి సెలైన్ పెట్టడం, ఆక్సిజన్ అందించడం వంటి పనులకు వినియోగించుకోవచ్చని నాటి ముఖ్యమంత్రి మమతా బెనర్జీ సూచించారు. మూడేళ్లో నాలుగేళ్లో చదివి, రిజిస్ట్రేషన్ పొంది చేసే పనిని వారం రోజుల్లో నేర్పగలమా అన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది.

ఆ ప్రశ్న వెనుక మరో ప్రశ్న దాగి ఉంది. 1835లోనే వైద్య కళాశాల వెలసిన నగరం, తన ఆస్పత్రుల్లో రోగి మంచం పక్కన నిలబడే మనిషి కోసం ఇంఫాల్ వైపు, కొట్టాయం వైపు ఎందుకు చూడవలసి వచ్చింది? 2011 డిసెంబరు 9న ఢాకురియాలోని ఆమ్రి ఆస్పత్రి అగ్నికి ఆహుతై దాదాపు 90 మంది మరణించినప్పుడు, రోగులను మోసుకుంటూ బయటికి చేర్చి చివరికి తామే పొగకు బలైన ఇద్దరు యువ నర్సులు కేరళ వారే. బెంగాల్‌లో నర్సు కావాలనుకునే ఆడపిల్లలు లేక కాదు. ఏటా వేల సంఖ్యలో వారు ప్రవేశ పరీక్ష రాస్తున్నారు. ఆ పరీక్ష ఎవరిని లోపలికి రానిస్తోంది, ఎవరిని గడప దగ్గరే నిలిపివేస్తోంది, లోపలికి వచ్చినవారిని వృత్తి ఎంతకాలం నిలుపుకుంటోంది అన్నవి పరిశీలించదగిన అంశాలు.

ఒకే బోర్డు, రెండు పరీక్షలు

పశ్చిమ బెంగాల్‌లో నర్సింగ్ ప్రవేశాలకు బాధ్యత వహిస్తున్నది 1962లో ఏర్పడిన రాష్ట్ర సంయుక్త ప్రవేశ పరీక్షల బోర్డు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షను జరిపేదీ ఇదే. నర్సింగ్‌కు ఈ బోర్డు రెండు వేర్వేరు పరీక్షలు నిర్వహిస్తుంది. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌తో పాటు ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ వంటి పారామెడికల్ డిగ్రీలకు కలిపి జెన్‌పాస్ యూజీ పరీక్ష ఉంటుంది. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవారికే ఇందులో నర్సింగ్ సీటు దక్కుతుంది. రెండోది ఏఎన్ఎం, జీఎన్ఎం కోర్సులకు ఉమ్మడిగా జరిపే పరీక్ష. రెండేళ్ల ఏఎన్ఎం కోర్సు మహిళలకు మాత్రమే. మూడేళ్ల జీఎన్ఎంలో పురుషులకూ ప్రవేశం ఉంది. వయసు 17 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి, రాష్ట్ర నివాసి అయి ఉండాలి.

రెండో పరీక్షే ఈ కథలో కీలకం. దీనికి ఇంటర్‌లో సైన్స్ చదివి ఉండవలసిన అవసరం లేదు. ఆర్ట్స్ చదివినా, ఇంగ్లిష్ ఒక పాఠ్యాంశంగా ఉండి 40 శాతం మార్కులతో ఉత్తీర్ణులైతే జీఎన్ఎంకు అర్హత లభిస్తుంది. గ్రామీణ బెంగాల్‌లో ఉన్నత మాధ్యమిక స్థాయిలో సైన్స్ బోధించే పాఠశాల దగ్గర్లో లేకో, ల్యాబ్ ఖర్చూ ట్యూషన్ ఖర్చూ భరించలేకో ఆర్ట్స్‌లో చేరిన ఆడపిల్లకు ఆరోగ్య రంగంలో తెరిచి ఉన్న తలుపు ఇదొక్కటే. మెడిసిన్ ఆమెకు అందదు. బీఎస్సీ నర్సింగూ అందదు. జీఎన్ఎం అందుతుంది. ఆ తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి, కాలక్రమంలో అధ్యాపకురాలిగా ఎదిగే అవకాశమూ ఉంటుంది.

అయితే పరీక్ష ఆమెను ఆర్ట్స్ విద్యార్థినిగా చూడదు. నూరు ప్రశ్నల్లో 40 జీవశాస్త్రం, 20 భౌతిక రసాయన శాస్త్రాలు, 15 ఇంగ్లిష్, 10 గణితం, 10 సామాన్య జ్ఞానం, 5 తార్కిక వివేచన. సైన్స్, గణితం కలిపితే 70. స్థాయి పదో తరగతిదే అయినా, ఆమె ఆ పుస్తకాలు మూసి రెండేళ్లు గడిచిపోయి ఉంటుంది. కొందరికి పెళ్లయి, ఒక బిడ్డ పుట్టి, పదేళ్లు గడిచి ఉంటుంది. 35 ఏళ్ల వరకు గడువు ఇవ్వడంలోని ఔదార్యం ఈ కోణంలోనే అర్థమవుతుంది. మానేసిన చదువును మళ్లీ అందుకోవాలనుకునే స్త్రీకి ఇలాంటి రెండో అవకాశం ఇచ్చే ప్రవేశ పరీక్షలు దేశంలో ఎక్కువేమీ లేవు.

పాఠ్యాంశంలోనే వార్డు

సన్నద్ధత అనగానే బిట్లు బట్టీ పట్టడమే అన్న అభిప్రాయం బలంగా ఉంది. కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల దుకాణాల్లో, అదే వీధిలోని మెడికల్ కాలేజీ గోడకు కూతవేటు దూరంలో, నర్సింగ్ గైడ్లు దొంతరలుగా పేర్చి అమ్ముతారు. గైడు చదవడం తప్పు కాదు. కానీ బెంగాల్ పదో తరగతి జీవశాస్త్ర పాఠ్యప్రణాళికను ఒకసారి తెరిచి చూస్తే, అది నర్సింగ్‌కు ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది. జీవుల్లో నియంత్రణ, సమన్వయం, జీవన ప్రవాహం, వంశపారంపర్యం, కొన్ని సాధారణ జన్యు వ్యాధులు, పరిణామం, అనుకూలత, పర్యావరణం. హార్మోన్ల అధ్యాయాన్ని అర్థం చేసుకున్న పిల్ల రేపు మధుమేహ రోగి చేతికి ఇన్సులిన్ ఎందుకు ఇస్తున్నామో అర్థం చేసుకుంటుంది.

జన్యు వ్యాధుల అధ్యాయంలోని తలసేమియానే తీసుకోండి. బెంగాల్‌లో ఇది పాఠం మాత్రమే కాదు, ఇంటింటా వినిపించే మాట. రక్తనిధుల చుట్టూ ప్రతి నెలా తిరిగే పసిపిల్లల కుటుంబాలు ఈ రాష్ట్రంలో ఎన్నో. తల్లిదండ్రులు ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం నాలుగింట ఒక వంతు అన్న లెక్క పరీక్షలో ఒక ప్రశ్న. దాన్నే రేపు ఏఎన్ఎం ఒక కొత్త దంపతులకు విడమరిచి చెప్పవలసి వస్తుంది. ‘మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదు’ అని పొరబడే వారికి, ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటినుంచే అని చెప్పగలగాలి. ఆ తేడా తెలిసినవారే ఆ ప్రశ్నకు సరైన జవాబు గుర్తించగలరు.

గణితానికి పది మార్కులే కదా అని వదిలేసేవారు అధికం. ఇది తొందరపాటు. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించాలి, గొట్టంలో ఒక మిల్లీలీటరుకు 20 చుక్కలు పడతాయి అనుకుందాం. మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు, అంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు. ఇది నిష్పత్తి పాఠం తప్ప మరేమీ కాదు. యంత్రం లేని వార్డులో, రాత్రి రెండు గంటలకు, గడియారం చూస్తూ ఈ లెక్క మనసులో కట్టగలిగిన నర్సు చేతిలోనే రోగి భద్రంగా ఉంటాడు. పాఠశాలలో గణితం అంటే భయపడిన అమ్మాయికి ఈ ఉదాహరణ ఒక్కటి చెప్పి పాఠం మొదలుపెడితే భయం చాలావరకు తగ్గుతుంది. దురదృష్టవశాత్తూ శిక్షణ కేంద్రాల్లో వినిపించేది ‘షార్ట్‌కట్’ మాటే ఎక్కువ.

54 సెకన్ల లెక్క

పరీక్ష సమయం 90 నిమిషాలు. నూరు ప్రశ్నలు. ప్రశ్నకు 54 సెకన్లు. మొత్తం 115 మార్కులు, ఎందుకంటే ప్రశ్నలు రెండు తరగతులుగా ఉంటాయి. మొదటి తరగతిలోని 85 ప్రశ్నలకు ఒక్కొక్క మార్కు. సరైన జవాబు ఒక్కటే. తప్పయితే పావు మార్కు కోత. రెండో తరగతిలోని 15 ప్రశ్నలకు రెండేసి మార్కులు. ఇక్కడ సరైన ఐచ్ఛికాలు ఒకటికి మించి ఉండవచ్చు. కోత లేదు. ఈ పదిహేనూ జీవ, భౌతిక శాస్త్రాల నుంచే వస్తాయి. దీన్నిబట్టి సైన్స్ భాగపు నిజమైన బరువు ప్రశ్నల సంఖ్య సూచించే దానికన్నా ఎక్కువ. జీవశాస్త్రం ఒక్కటే 50 మార్కులు.

కోత ఉంది కాబట్టి తెలియనిది వదిలేయాలన్న సలహా ఇళ్లలోనూ కోచింగ్ కేంద్రాల్లోనూ వినిపిస్తుంది. లెక్క వేస్తే ఈ సలహా పూర్తిగా నిలవదు. నాలుగు ఐచ్ఛికాల్లో గుడ్డిగా ఒకటి గుర్తిస్తే నాలుగుసార్లలో ఒకసారి మార్కు వస్తుంది, మూడుసార్లు కలిపి ముప్పావు మార్కు పోతుంది. నాలుగు ప్రశ్నలకు కలిపి మిగిలేది పావు మార్కు. అంటే గుడ్డి ఊహ వల్ల లాభం స్వల్పమే, సగటున నష్టం మాత్రం లేదు. ఒక ఐచ్ఛికం తప్పని నిశ్చయంగా తెలిస్తే పరిస్థితి మారుతుంది. అప్పుడు సగటున ప్రశ్నకు ఆరింట ఒక వంతు మార్కు లభిస్తుంది. రెండు ఐచ్ఛికాలు కొట్టివేయగలిగితే అది 0.375 మార్కుకు చేరుతుంది. కాబట్టి సగం తెలిసిన ప్రశ్నను వదిలివేయడమే అసలు నష్టం. దీన్ని జూదంగా భావించి వెనుకాడే స్వభావం ఆడపిల్లల్లో, ముఖ్యంగా తప్పు చేస్తే తిట్లు తిని పెరిగినవారిలో, ఎక్కువగా కనిపిస్తుందని ఉపాధ్యాయులు అంటుంటారు. అందులో నిజం ఎంతైనా, సగం జ్ఞానాన్ని వినియోగించుకోవడం కూడా అభ్యాసంతోనే వస్తుంది.

రెండో తరగతి ప్రశ్నలకు నియమం వేరు. సరైన ఐచ్ఛికాలన్నీ గుర్తిస్తే రెండు మార్కులు, కొన్నిటినే గుర్తిస్తే ఆ నిష్పత్తిలో మార్కులు, అయితే ఒక్క తప్పు ఐచ్ఛికం కలిసినా సున్నా. ఇక్కడ నిదానమే మేలు. ఖాయంగా తెలిసిన ఒక్కదాన్ని గుర్తించి ఆగిపోయినా కనీసం అర మార్కు దక్కుతుంది. అనుమానంతో రెండోదాన్ని చేర్చడం వల్ల ఉన్నదీ పోవచ్చు. అంటే ఒకే ప్రశ్నపత్రంలో మొదటి భాగంలో కొంత సాహసం, రెండో భాగంలో సంయమనం అవసరం. ఈ మార్పిడి అలవాటు కావాలంటే సమయం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు రాయడం మినహా మార్గం లేదు. వాటికోసం వేల రూపాయల రుసుము కట్టనవసరం లేదు.

పరీక్షకు చదవడం ఒక ఎత్తైతే, తేదీల అనిశ్చితిని భరించడం మరో ఎత్తు. 2010 తర్వాత జారీ చేసిన ఓబీసీ ధ్రువపత్రాలను 2024 మే 22న కలకత్తా హైకోర్టు రద్దు చేసింది. దానిపై సాగిన న్యాయపోరాటం ప్రభావం ప్రవేశాల మీదా పడింది. ఇదే బోర్డు 2025 ఏప్రిల్ 27న జరిపిన ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఫలితాలు ఆగస్టు 22 వరకు వెలువడలేదు. నాలుగు నెలల నిరీక్షణను నగరంలోని మధ్యతరగతి కుటుంబం తట్టుకోగలదు. పురూలియాలోనో సుందర్‌బన్స్‌లోనో ఉన్న ఇంట్లో ఆ నాలుగు నెలల్లో పెళ్లి సంబంధం ఖాయమైపోతుంది. 18 ఏళ్లు నిండే వరకు పెళ్లి చేసుకోకుండా చదువు కొనసాగించే బాలికకు 25,000 రూపాయలు ఇచ్చే కన్యాశ్రీ పథకాన్ని రాష్ట్రం 2013లో ప్రారంభించింది. 2021 జూన్ 30న మొదలైన విద్యార్థి క్రెడిట్ కార్డు ద్వారా 10 లక్షల రూపాయల వరకు 4 శాతం సాధారణ వడ్డీకి రుణం లభిస్తుంది. ప్రైవేటు నర్సింగ్ కళాశాలలో చేరవలసి వచ్చినవారికి ఇది ఉపకరించే మాట నిజమే. అయితే పరీక్షల క్యాలెండర్ గతి తప్పితే పథకాల ప్రయోజనం చేతికందేలోపే చేజారిపోతుంది.

ఖరగ్‌పుర్ తెలుగు పిల్ల ఏ భాషలో రాయాలి?

తెలుగు పాఠకులకు ఈ పరీక్ష దూరపు సంగతిగా తోచవచ్చు. కోల్‌కతాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని ఖరగ్‌పుర్‌ను తలచుకుంటే అలా తోచదు. బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వర్క్‌షాపు పనులకు తరలివెళ్లిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం అక్కడ ఉంది. పట్టణ రాజకీయాల్లో వారి ఓటు లెక్కలోకి వస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడం వెనుక ప్రధానంగా ఉన్నది ఈ ఖరగ్‌పుర్ జనాభాయే.

హోదా దక్కింది. ప్రవేశ పరీక్ష మాటేమిటి? ఏఎన్ఎం, జీఎన్ఎం ప్రశ్నపత్రం ఇంగ్లిష్, బెంగాలీ భాషల్లో వస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో కొంత ఇంగ్లిష్‌తో పెరిగిన రైల్వే కాలనీ అమ్మాయి ఇంగ్లిష్ పాఠాన్ని ఎంచుకోక తప్పదు. స్థానిక భాష చదవడం, రాయడం రావాలన్న నిబంధన మరొకటి. మైదాన ప్రాంతాల్లో బెంగాలీ, డార్జిలింగ్ కొండల్లో నేపాలీ. ఈ నిబంధనను తప్పుపట్టలేం. మైదానంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. ఆ ఉపకేంద్రానికి వచ్చే గర్భిణితో ఆమె భాషలో మాట్లాడలేని ఏఎన్ఎం వల్ల ఉపయోగం తక్కువ. రోగి భాష నర్సుకు రావాలనడం న్యాయం. నర్సు కాగోరే పిల్లను ఆమె భాషలో పరీక్షించకపోవడం వేరు సంగతి. ఈ రెంటినీ కలిపి చూడడం వల్లే చిక్కు వస్తోంది.

విచిత్రం ఏమంటే, అదే అమ్మాయి కోర్సు పూర్తిచేసి రైల్వే ఆస్పత్రిలో నర్సు ఉద్యోగానికి రైల్వే నియామక మండలి పరీక్ష రాసేటప్పుడు తెలుగును ఎంచుకోవచ్చు. ఉద్యోగానికి పనికొచ్చిన తెలుగు, ఉద్యోగానికి దారి చూపే చదువుకు పనికిరాలేదు. నీట్‌లోనూ ఇలాంటి మెలికే ఉంది. నీట్ 13 భాషల్లో జరుగుతుంది, వాటిలో తెలుగూ ఒకటి. కానీ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే లభిస్తుంది. ఖరగ్‌పుర్‌లో పుట్టిన తెలుగు పిల్లకు అది దక్కదు. భాషా మైనారిటీల హక్కుల గురించి మాట్లాడే తెలుగు సంఘాలు ఉగాది సభలకు ఇచ్చిన ప్రాధాన్యం ఈ చిన్న నిబంధనకు ఇచ్చినట్టు కనిపించదు.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి మాత్రం కోల్‌కతాలో ఒక దారి తెరిచే ఉంది. అలీపుర్‌లోని తూర్పు కమాండ్ సైనిక ఆస్పత్రిలో నర్సింగ్ కళాశాల ఉంది. సైనిక నర్సింగ్ సేవ కింద దేశంలోని ఆరు కళాశాలల్లో ఏటా ఇచ్చే 220 బీఎస్సీ సీట్లలో దీని వాటా 30. అవివాహిత మహిళలకు నీట్ మార్కుల ఆధారంగా తొలి ఎంపిక జరుగుతుంది. ఆ తర్వాత సాధారణ ప్రజ్ఞ, ఇంగ్లిష్ పరీక్ష, ముఖాముఖి, వైద్య పరీక్ష ఉంటాయి. రాష్ట్ర నివాస నిబంధన లేదు, బోధన రుసుము భారం లేదు, చదువు ముగిశాక సైన్యంలో అధికారిణిగా నియామకం ఉంటుంది. నీట్‌లో ఎంబీబీఎస్ ర్యాంకు రాలేదని ఏడాదంతా మళ్లీ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చునే అమ్మాయిల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ర్యాంకు కార్డు తీసుకుని నేరుగా బీడీఎస్, ఆయుష్ కౌన్సెలింగ్ గురించి ఆరాతీసే తల్లిదండ్రులు నర్సింగ్ పేరెత్తరు. డాక్టరు కావలసిన పిల్లను నర్సును చేయడమా అన్న అహం అందుకు కారణం.

మన సెట్లు ఏమి పరీక్షిస్తున్నాయి?

భారత నర్సింగ్ మండలి కొత్త బీఎస్సీ నిబంధనలు 2021లో అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రవేశ పరీక్షలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లిష్, నర్సింగ్ అభిరుచి అనే ఐదు భాగాలుండాలి. ఒక్కొక్కదానికి 20 మార్కులు. జనరల్ అభ్యర్థులు 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులు 40వ పర్సంటైల్ సాధించాలి. ఇంటర్‌లో 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు కనీస అర్హత.

ఈ ఐదింటిలో చివరిదే కొత్తది, అదే క్లిష్టమైనది. అభిరుచిని నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నతో ఎలా కొలుస్తారు? నొప్పితో అరుస్తున్న రోగి, ఫోన్‌లో పిలుస్తున్న డాక్టరు, తలుపు దగ్గర నిలదీస్తున్న బంధువు ముగ్గురూ ఒకేసారి ఎదురైతే ఎవరి వైపు ముందు తిరగాలన్న ప్రశ్నకు పుస్తకంలో జవాబు దొరకదు. అయినా ఇలాంటి భాగం ఉండాలన్న ఆలోచన సరైనదే. బెంగాల్ పరీక్షలో దాని స్థానంలో తార్కిక వివేచన, సామాన్య జ్ఞానం ఉన్నాయి. తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎప్‌సెట్ ర్యాంకుల ఆధారంగా బీఎస్సీ నర్సింగ్ సీట్లు కేటాయిస్తోంది. ఎప్‌సెట్ వ్యవసాయ, ఫార్మసీ విభాగంలో జీవశాస్త్రం 80, భౌతికం 40, రసాయనం 40, మొత్తం 160 ప్రశ్నలు. ఇంగ్లిష్ లేదు, అభిరుచి భాగం లేదు, మైనస్ మార్కులూ లేవు. వ్యవసాయ డిగ్రీకి, ఫార్మసీకి, రోగి సేవకు ఒకే కొలబద్ద! ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నర్సింగ్‌కు ప్రత్యేక సెట్ నిర్వహించే పద్ధతికి మారింది. ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ చేసిన పని మెరుగైనదే. విద్యార్థికి మరో పరీక్ష, మరో రుసుము పెరిగిన మాట నిజమైనా, నర్సింగ్ కోసమే వచ్చేవారు ఎవరో, వేరే సీటు దొరక్క వచ్చేవారు ఎవరో కొంతవరకైనా తేలుతుంది.

2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన జాతీయ నర్సింగ్, ప్రసూతి సేవల కమిషన్ చట్టం, 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో వచ్చింది. నర్సింగ్ సంస్థల్లో ప్రవేశాలకు ఏకరూప విధానం కల్పించడం కమిషన్ విధుల్లో ఒకటి. ఏకరూపత అంటే నీట్ తరహా ఒకే పరీక్ష కావచ్చు. అదే జరిగితే సైన్స్ చదవని గ్రామీణ విద్యార్థినికి ఇప్పుడున్న జీఎన్ఎం తలుపు మూసుకుపోయే ప్రమాదం ఉంది. జీఎన్ఎంను క్రమంగా ఎత్తివేసి డిగ్రీనే కనీస అర్హత చేయాలన్న ప్రతిపాదన ఇంతకుముందే వచ్చి వెనక్కి వెళ్లింది. ప్రమాణాలు పెరగాలనడంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. అయితే 1946లో భోర్ కమిటీ లెక్కలు వేసినప్పుడు దేశంలో 43,000 మందికి ఒక నర్సు ఉండేవారు. ప్రభుత్వ గణాంకాల ప్రకారమే 2022లో వెయ్యి మందికి 1.96. ఉండవలసింది 3. కొరత ఇంకా తీరని దేశం తలుపు మార్చాలనుకుంటే, పాత తలుపు గుండా వస్తున్నవారు ఎవరో ముందు చూసుకోవాలి. కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో 1,570 కోట్ల రూపాయలతో 157 కొత్త నర్సింగ్ కళాశాలలకు ఆమోదం తెలిపింది. అవన్నీ 2014 తర్వాత ఏర్పడిన వైద్య కళాశాలలకు అనుబంధంగా వచ్చేవి, డిగ్రీ కోర్సుకు ఉద్దేశించినవి. వాటిలో తమకు ఒక్కటీ రాలేదని తెలంగాణ నేతలు అప్పట్లో ఆక్షేపించారు.

సీటు వచ్చాక

పరీక్ష గట్టెక్కినవారికి ఎదురయ్యే బతుకు ఎలాంటిదో తెలియకుండా సన్నద్ధత గురించి మాట్లాడడం అసంపూర్ణం. కోల్‌కతాలో రోగి సేవ రెండు అంతస్తులుగా ఉంది. ఒకవైపు నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సులు. మరోవైపు ‘ఆయా సెంటర్లు’ పంపే సహాయకురాళ్లు. ఇళ్లలోనూ ఆస్పత్రుల్లోనూ రోజు కూలికి పనిచేసే వీరికి శిక్షణ నామమాత్రం, రిజిస్ట్రేషన్ లేదు. కుటుంబాలు ఇద్దరినీ ఒకే గాటన కట్టి చూస్తాయి. పరీక్ష రాసి, మూడేళ్లు చదివి, లైసెన్సు పొందిన అమ్మాయికి దక్కవలసిన గౌరవం తగ్గడానికి ఈ గందరగోళం ఒక కారణం. చిన్న నర్సింగ్ హోముల యజమానులకు ఇదే గందరగోళం లాభసాటి.

వేతనాల సంగతి మరీ స్పష్టం. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన నిపుణుల సంఘం 2016లో చేసిన సిఫార్సుల ప్రకారం 200కు మించి పడకలున్న ప్రైవేటు ఆస్పత్రులు రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమాన వేతనం ఇవ్వాలి. 50 పడకల్లోపు ఆస్పత్రిలోనూ నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. దీన్ని అమలు చేసే బాధ్యత రాష్ట్రాలది. అన్నిచోట్లా అమలు జరిగి ఉంటే 2020 మేలో అన్ని వందల మంది ఒక్కసారిగా వెళ్లిపోయే పరిస్థితి వచ్చేదా? భయం, ఇంటి పిలుపు, వివక్షతో కూడిన మాటలు, రక్షణ సామగ్రి లోపం అన్నీ కలిసి వారిని కదిలించాయి. చాలీచాలని జీతం వారిని ఆపలేకపోయింది.

తర్వాత 2024 ఆగస్టు 9 వచ్చింది. ఆర్‌జీ కర్ వైద్య కళాశాల ఆస్పత్రిలో విధుల్లో ఉన్న యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య దేశాన్ని కుదిపేశాయి. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన ‘రాత్తిరేర్ సాథీ’ కార్యక్రమంలో మహిళలకు వీలైనంత వరకు రాత్రి విధులు తప్పించాలన్న సూచన చోటుచేసుకుంది. మహిళలు కోరుతున్నది రాయితీలు కాదని, రక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని సుప్రీంకోర్టు ఆక్షేపించడంతో దాన్ని సవరిస్తామని ప్రభుత్వం చెప్పింది. నర్సుల విషయంలో ఆ సూచన అసలే అర్థం లేనిది. అత్యధికులు మహిళలే అయిన వృత్తిలో రాత్రి విధి తప్పించడమంటే రాత్రి వార్డులు మూసివేయడమే. ఆ ఘటన తర్వాత కూతురిని నర్సింగ్‌కు పంపాలా వద్దా అని వెనుకాడిన కుటుంబాలు ఖరగ్‌పుర్‌లోనూ ఉన్నాయి, కర్నూలులోనూ ఉన్నాయి.

బయటి దేశాల పిలుపు మాత్రం ఆగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచంలో 2.98 కోట్ల మంది నర్సులుండగా, మరో 58 లక్షల మంది కొరత ఉంది. 2030 నాటికి అది 41 లక్షలకు తగ్గుతుందని అంచనా. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్‌లకు నర్సులను పంపేందుకు ఆయా భాషలు నేర్పిస్తోంది. నగరంలో చదివి, ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో చేయి తిరిగి, రెండేళ్లకు జర్మన్ భాష తరగతిలో చేరే నర్సును నిందించడం తేలిక. మణిపుర్ అమ్మాయి కోల్‌కతాను వదిలినట్టే కోల్‌కతా అమ్మాయి కోల్‌కతాను వదులుతోంది.

ఈ ఏడాది పరీక్షకు కూర్చునేవారు బోర్డు ప్రకటన వెలువడిన రోజే చూసుకోవలసినవి చదువుకు సంబంధించినవి కావు. నివాస ధ్రువపత్రం నిర్ణీత నమూనాలో ఉందా, కుల ధ్రువపత్రం కొత్త జాబితా ప్రకారం చెల్లుతుందా, పదో తరగతి ధ్రువపత్రంలోని పేరు, ఆధార్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అన్నవి. ఖరగ్‌పుర్ తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరు ముందు రాయాలా వెనుక రాయాలా అన్న సందిగ్ధం తరతరాలది. బడిలో ఒకలా, రేషన్ కార్డులో మరోలా నమోదైన పేరును సరిదిద్దుకోవడానికి పట్టే సమయం జీవశాస్త్రం మొత్తం తిరగేయడానికి పట్టే సమయం కన్నా ఎక్కువ. కౌన్సెలింగ్ బల్ల దగ్గర మాత్రం ఆ దిద్దుబాటుకు గడువు ఒక్కరోజు కూడా దొరకదు.